కెమెరా మార్చేముందు కూర్చొని లెక్క వేద్దాం



జ్ఞానస్నానం, ప్రథమ దివ్యసత్ప్రసాదం, వివాహం, గురుపట్టాభిషేకం, విచారణ పండుగ: మన కుటుంబాల్లో ఏ శుభకార్యం జరిగినా పిలవవలసినవారి జాబితాలో ఫోటోగ్రాఫర్ పేరు ఉంటుంది. ఈ వృత్తి మీదనే బ్రతికే కుటుంబాలు మన ఊళ్ళల్లో ఎన్నో ఉన్నాయి. శ్రీకాకుళం పట్టణానికి ఆనుకొని ఉన్న అరసవల్లినే తీసుకోండి. రథసప్తమికి సూర్యనారాయణస్వామి ఆలయానికి వచ్చే జనం ఒకవైపు, చుట్టుపక్కల పెళ్ళిళ్ళు ఒకవైపు ఉండే అలాంటి చోట కెమెరా పట్టుకొని బ్రతకాలనుకునే యువకులు ఉండడం సహజం.

ఇలాంటి ఇళ్ళల్లో మూడు నాలుగేళ్ళకు ఒకసారి ఒక మాట తప్పక వస్తుంది. "నాన్నా, ఈ కెమెరా పాతదైపోయింది. కొత్తది కొనకపోతే పెళ్ళిళ్ళు రావు" అంటాడు కొడుకు. తండ్రి బ్యాంకు గురించి ఆలోచిస్తాడు. తల్లి చేయి మెడలోని గొలుసు మీదికి వెళుతుంది. కొనాలా, వద్దా? ఈ పాఠంలో ఆ ప్రశ్నకు జవాబు వెదికే పద్ధతిని నేర్చుకుందాం.

1. రీలు పోయింది, ఖర్చు పోలేదు

రీళ్ళ కాలంలో కెమెరా ఒకసారి కొంటే ఇంట్లో కుట్టుమిషనులాగా ఏళ్ళ తరబడి ఉండేది. పెంటాక్స్ కె1000 అనే కెమెరాను ఆ కంపెనీ 1976 నుండి 1997 వరకు పెద్ద మార్పు లేకుండానే తయారుచేసింది. నికాన్ ఎఫ్ఎం2 వరుస 1982లో మొదలై దాదాపు ఇరవై ఏళ్ళు నడిచింది. మేలైన రంగులు కావాలంటే మేలైన రీలు కొనేవారు, కెమెరాను మార్చేవారు కారు. అయితే 36 ఫోటోలకు ఒక రీలు, దాన్ని కడిగించడం, ప్రింట్లు వేయించడం అనే ఖర్చు ప్రతి కార్యానికీ ఉండేది. ఆ ఖర్చు కార్యం చేసేవారి డబ్బులోనుండే వెళ్ళేది.

డిజిటల్ కెమెరాలో రీలు కెమెరా లోపలే ఉంది. వెలుగును పట్టే ఆ చిన్న పలకను సెన్సర్ అంటారు. దాన్ని విడిగా మార్చడానికి వీలులేదు. మేలైన సెన్సర్ కావాలంటే బాడీ మొత్తం మార్చవలసిందే. పూర్వం కొద్దికొద్దిగా రీళ్ళ మీద పోయిన ఖర్చు ఇప్పుడు ఒక్కసారిగా బాడీ రూపంలో ఫోటోగ్రాఫర్ నెత్తిమీద పడుతోంది. ముందుగా గ్రహించవలసిన సంగతి ఇదే.

ఈ మార్పు ఎంత వేగంగా జరిగిందో చూడండి. 1975లో అమెరికాలోని కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరా 100 చుక్కల వెడల్పు, 100 చుక్కల ఎత్తు గల చిత్రాన్ని తీసింది. ఒక ఫోటోను క్యాసెట్టు మీద రాసుకోవడానికి దానికి 23 సెకన్లు పట్టింది. 1991లో అదే కంపెనీ నికాన్ ఎఫ్3 బాడీకి సెన్సర్ అమర్చి, 13 లక్షల చుక్కల కెమెరాను పత్రికలవారికి అమ్మింది. దాని ధర 20 వేల డాలర్ల పైమాటే. 1999లో వచ్చిన నికాన్ డి1 సుమారు 5 వేల డాలర్లు. 2003లో కెనాన్ ఈఓఎస్ 300డి బాడీ వెయ్యి డాలర్ల లోపే దొరికింది. చిన్న పట్టణాల స్టూడియోలకు డిజిటల్ అందుబాటులోకి రావడం ఆ తరువాతి సంగతి.

ధరలు తగ్గినందుకు సంతోషించేలోపే 2008లో కెనాన్ 5డి మార్క్ 2 వచ్చింది. ఫోటోలు తీసే ఆ కెమెరాతోనే సినిమాలాంటి వీడియో తీయవచ్చునని తేలింది. పెళ్ళివారి కోరికలు పెరిగాయి. కొన్ని కొత్త నమూనాలు నిజమైన మేలు చేశాయి. కొన్ని కేవలం పాతదాన్ని పాతదిగా చూపించడానికే వచ్చాయి. ఆ రెంటినీ వేరుచేసి చూడడమే వివేకం.

2. పెట్టె మీది ధర వేరు, అసలు ధర వేరు

అరసవల్లిలో ఒక కుటుంబం ఉందనుకుందాం. కొడుకు ఏడాదికి 30 కార్యాలు చేస్తాడు. కార్యానికి 20,000 రూపాయలు తీసుకుంటాడు. సహాయకుని కూలి, ప్రయాణం, ఆల్బమ్ ప్రింటింగు వంటి వాటికి 12,000 పోగా 8,000 మిగులుతుంది. ఏడాదికి 2,40,000. అంటే నెలకు 20,000తో ఇల్లు గడుస్తోంది. ఇవి లెక్క నేర్చుకోవడానికి వేసుకున్న అంకెలు. మీ అంకెలు మీరు వేసుకోండి.

అబ్బాయి చూసివచ్చిన కొత్త బాడీ ధర 2,00,000. ఇంట్లో అందరి చెవిలోనూ పడిన అంకె ఇదొక్కటే. కాని లెక్క అక్కడ ఆగదు. కొత్త బాడీకి పాత లెన్సులు సరిగా పనిచేయకపోతే కనీసం ఒక కొత్త లెన్సు కావాలి: 1,00,000. కొత్త రకం మెమరీ కార్డులు, అదనపు బ్యాటరీలు: 30,000. ఫోటోలు దాచడానికి హార్డ్ డిస్కులు: 20,000. మొత్తం 3,50,000. పాత కెమెరా అమ్మితే 50,000 వచ్చిందనుకుందాం. అప్పుడు కావలసింది 3,00,000. రెండు లక్షల కెమెరా మూడు లక్షల అప్పు అయింది.

హార్డ్ డిస్కులు ఎందుకు అని అడగవచ్చు. కార్యానికి 2,500 ఫోటోలు తీస్తారనుకోండి. 2 కోట్ల 40 లక్షల చుక్కల కెమెరాలో, అంటే 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో, ఒక్కొక్క రా ఫైలు సుమారు 25 మెగాబైట్లు ఉంటుంది. 45 మెగాపిక్సెళ్ళయితే 50 వరకు వెళుతుంది. మొదటిదానికి కార్యానికి 62 గిగాబైట్లు సరిపోతే, రెండవదానికి 125 కావాలి. రెండు ప్రతులు దాస్తే 250. కంప్యూటరు కూడా నెమ్మదిస్తుంది. అప్పుడు కంప్యూటరు కూడా మార్చాలి అంటారు.

ఇంత పెద్ద ఫోటో మనకు అవసరమా? ఆల్బమ్‌లో 12 అంగుళాలు, 18 అంగుళాల పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున చక్కగా ముద్రించడానికి కావలసినవి 3,600, 5,400 చుక్కలు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా 4,000, 6,000 చుక్కలు ఇస్తుంది. అంటే పేజీ నిండా ఒకే ఫోటో వేసినా అది చాలును. "చుక్కలు ఎక్కువ" అన్న ఒక్క కారణంతో కెమెరా మార్చడం పెళ్ళి ఆల్బమ్ చేసేవారికి అవసరం లేదు.

3. మూతి మారితే ఇల్లంతా మారుతుంది

లెన్సును బాడీకి బిగించే మూతిని మౌంట్ అంటారు. ఖర్చు విషయంలో దీనిని మించిన సంగతి లేదు. నికాన్ 1959లో మొదలుపెట్టిన ఎఫ్ మౌంట్‌ను దశాబ్దాల తరబడి కొనసాగించింది. కెనాన్ 1987లో పాత మౌంట్‌ను వదిలి ఈఎఫ్ మౌంట్‌కు మారినప్పుడు, పాత లెన్సులున్నవారు చిక్కుల్లో పడ్డారు. 2013లో సోనీ ఏ7 రాకతో అద్దం లేని పెద్ద సెన్సర్ కెమెరాలకు ఆదరణ పెరిగింది. 2018లో నికాన్ జడ్ మౌంట్‌ను, కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌ను తెచ్చాయి. కొత్త బాడీలు, కొత్త లెన్సులు ఇప్పుడు ప్రధానంగా ఆ దారినే వస్తున్నాయి.

దీని అర్థం పాత లెన్సులన్నీ పారవేయాలని కాదు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టరు వేస్తే కొత్త ఆర్ఎఫ్ బాడీల మీద బాగా పనిచేస్తాయి. నికాన్‌లో లోపల మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులు ఎఫ్‌టిజడ్ అడాప్టరుతో పనిచేస్తాయి. కాని మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్సులకు ఆ అడాప్టరు మీద ఆటోఫోకస్ రాదు, చేతితోనే ఫోకస్ చేసుకోవాలి. నడిచివస్తున్న పెళ్ళికూతురిని చేతితో ఫోకస్ చేయడం ఎంత కష్టమో ఆ పని చేసేవారికి తెలుసు. కాబట్టి దుకాణానికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న లెన్సులన్నీ సంచిలో వేసుకొని వెళ్ళాలి. ఒక్కొక్కటి బిగించి చూడాలి. అమ్మేవాని మాట కంటె ఈ పరీక్ష నమ్మదగినది.

బాడీ ధర త్వరగా పడిపోతుంది. మూడు నాలుగేళ్ళకు సగం ధర పలకడం కష్టం. మంచి లెన్సు చక్కగా చూసుకుంటే పదిహేనేళ్ళు కూడా పనిచేస్తుంది. లైట్లు, స్టాండు కూడా అంతే. త్వరగా అరిగేదానికి అప్పు చేయకూడదనీ, ఎక్కువకాలం నిలిచేదానిలో డబ్బు పెట్టాలనీ రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

4. వడ్డీ లెక్క

పైన చెప్పిన 3,00,000 బ్యాంకులో ఏడాదికి 12 శాతం వడ్డీకి మూడేళ్ళకు తీసుకుంటే నెలవాయిదా సుమారు 9,964 రూపాయలు. మూడేళ్ళలో కట్టేది 3,58,700. అందులో వడ్డీ 58,700. ఏడాదికి వాయిదాల కింద 1,19,568 పోతుంది. ఇంటికి మిగిలేది నెలకు 20,000 కాదు, 10,036. కెమెరా కొత్తదైంది, ఇంటి ఖర్చుకు వచ్చేది సగమైంది.

అందుకే కొనేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ కెమెరా వచ్చినందువల్ల కార్యానికి 4,000 రూపాయలు ఎక్కువ అడగగలమా? లేదా ఏడాదికి 30కి బదులు 45 కార్యాలు వస్తాయా? రెంటిలో ఏదో ఒకటి జరిగితేనే ఇల్లు మునుపటిలాగా నడుస్తుంది. ఏదీ జరగదనిపిస్తే ఆ కొనుగోలు వృత్తికి పెట్టుబడి కాదు, మోజు.

అదే డబ్బును ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 9,000 వడ్డీకే సరిపోతుంది. బ్యాంకు వాయిదాకూ దీనికీ తేడా వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కాని మూడేళ్ళకు బ్యాంకు అప్పు తీరిపోతుంది. ఇక్కడ 3,24,000 వడ్డీ కట్టిన తరువాత కూడా అసలు మూడు లక్షలూ అలాగే ఉంటుంది. ఆ వేళకు కెమెరా పాతదై, మరొకటి కావాలనే మాట మళ్ళీ మొదలవుతుంది.

చిన్న వృత్తులవారి కోసం కేంద్ర ప్రభుత్వం 2015 ఏప్రిల్ 8న ప్రారంభించిన ముద్ర పథకంలో పూచీకత్తు లేకుండా రుణం పొందవచ్చు. 50,000 వరకు శిశు, ఆపైన 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అని విభాగాలున్నాయి. అప్పు తప్పనిసరి అయితే వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కేముందు బ్యాంకుకు వెళ్ళి అడగడం మేలు.

మరొక మాట. పెళ్ళిళ్ళు ఏడాది పొడవునా ఉండవు. ఆషాఢంలో, మూఢాల్లో ముహూర్తాలుండవు. తపస్సుకాలంలోను, ఆగమనకాలంలోను మన దేవాలయాల్లో సాధారణంగా వివాహాలు జరపరు. వాయిదాకు మాత్రం మూఢమూ లేదు, తపస్సుకాలమూ లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని తాకినప్పుడు జిల్లాలో ఎన్నో ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కుదిరిన పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. వాయిదాలు కట్టడానికి రిజర్వు బ్యాంకు అప్పట్లో కొన్ని నెలల గడువు ఇప్పించింది. వాయిదా ఆగిందిగాని వడ్డీ పెరగడం ఆగలేదు. కాబట్టి కనీసం నాలుగు వాయిదాల డబ్బు చేతిలో లేనిదే అప్పు చేయకూడదు.

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని క్రీస్తు ప్రభువు చెప్పిన ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. పునాది వేసి ఆపినవాణ్ణి చూసి ఊరు నవ్వుతుంది. సగం వాయిదాలు కట్టి ఆపిన ఇల్లు కూడా అలాంటిదే.

5. నిజంగా మార్చవలసిన సమయం ఎప్పుడు?

ఎప్పుడూ మార్చకూడదని ఈ పాఠం చెప్పడం లేదు. నాలుగు సందర్భాల్లో మార్చడం న్యాయమే.

మొదటిది, చీకటి. దివ్యబలిపూజ జరుగుతున్నప్పుడు పీఠం దగ్గర ఫ్లాష్ మెరిపించడం ప్రార్థనకు అడ్డు. తక్కువ వెలుగులో ఫ్లాష్ లేకుండా తీయాలంటే సెన్సర్‌కు ఆ శక్తి ఉండాలి. 2007లో వచ్చిన నికాన్ డి3 ఈ విషయంలో పెద్ద మార్పు తెచ్చింది. అంతకు ముందరి బాడీతో చర్చి లోపల పని చేసేవారు మార్చుకోవడం అవసరమే.

రెండవది, భద్రత. తాళి కట్టే క్షణం, ఉంగరాలు మార్చుకునే క్షణం తిరిగి రావు. ఒకే కార్డు పట్టే కెమెరాలో ఆ కార్డు పాడైతే పెళ్ళే పోయినట్టు. కెనాన్ 5డి మార్క్ 2లో కార్డు చోటు ఒక్కటే, 2012 నాటి మార్క్ 3లో రెండు. అయితే కొత్తది ఎల్లప్పుడూ మేలు అనుకోవద్దు. 2018 నాటి కెనాన్ ఈఓఎస్ ఆర్‌లోను, నికాన్ జడ్6లోను కార్డు చోటు మళ్ళీ ఒక్కటే.

మూడవది, అరుగుదల. కెనాన్ 5డి మార్క్ 3 షట్టరును కంపెనీ 1,50,000 ఫోటోలకు లెక్కగట్టింది. కార్యానికి 2,500 చొప్పున అది 60 కార్యాలు. ఆ తరువాత వెంటనే ఆగిపోతుందని కాదు, జాగ్రత్త పడాలని. షట్టరు మార్పించడం కొత్త బాడీ కొనడం కంటె చవక. సెకండ్ హ్యాండ్ బాడీ కొనేవారు కూడా షట్టరు ఎన్ని ఫోటోలు తీసిందో తప్పక అడగాలి.

నాలుగవది, విడిభాగాలు దొరకకపోవడం. తయారీ ఆగిన కొన్నేళ్ళకు కంపెనీలు విడిభాగాలు ఇవ్వడం మానుతాయి. అప్పుడు మార్చక తప్పదు.

ఈ నాలుగింటిలో ఏదీ లేకపోతే వేరే దారి చూడవచ్చు. మన ఉదాహరణలోని అబ్బాయి 50,000కు వెలుగు బాగా పట్టే ఒక మంచి సెకండ్ హ్యాండ్ లెన్సు, 25,000కు రెండు లైట్లు కొన్నాడనుకోండి. కార్యానికి 2,500 చొప్పున పక్కన పెడితే 30 కార్యాల్లో, అంటే ఒక్క ఏడాదిలో, ఆ 75,000 చేతికి వస్తుంది. అప్పు లేదు, వడ్డీ లేదు. ఏడాదిలో నాలుగైదు రోజులే కావలసిన ఖరీదైన పరికరాన్ని రోజు అద్దెకు తెచ్చుకోవడమే మంచిది.

6. ఉన్నదాన్ని కాపాడుకోవడం

మనది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. తేమ వల్ల లెన్సు లోపల బూజు పడుతుంది. వానాకాలంలో తోలుసంచిలో మూసిపెట్టిన లెన్సుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ పొట్లాలతో పాటు లెన్సులు ఉంచాలి. రంగు మారగానే జెల్‌ను వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వాడవచ్చు. వారానికి ఒకసారైనా కెమెరా బయటకు తీసి వాడాలి. కొన్ని వందల రూపాయల ఈ జాగ్రత్త లక్ష రూపాయల లెన్సును కాపాడుతుంది.

కొనేది కొత్తదైనా బిల్లు లేకుండా కొనవద్దు. డిజిటల్ కెమెరాల మీద జి.ఎస్.టి. 2019 జనవరి 1 నుండి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. ఆ పన్ను మిగులుతుందని బిల్లు లేని సరుకు తెస్తే గ్యారంటీ ఉండదు, దొంగతనం జరిగినా, వాన నీటిలో తడిసినా బీమా అడగడానికి ఆధారం ఉండదు. జి.ఎస్.టి. నమోదు ఉన్న స్టూడియోవారు సరియైన బిల్లు ఉంటే ఆ పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకొనవచ్చు.

7. పెళ్ళివారమైన మనం

ఈ పాఠం ఫోటోగ్రాఫర్ల ఇళ్ళకు మాత్రమే కాదు, మనందరికీ. "పక్కింటివారి పెళ్ళికి డ్రోన్ ఎగిరింది, మాకూ కావాలి" అని మనం అన్నప్పుడు, ఆ డ్రోన్ కోసం ఒక ఇంట్లో గొలుసు తాకట్టుకు వెళుతుంది. కావలసింది స్పష్టంగా చెప్పడం, ముందుగా బయానా ఇవ్వడం, ఆల్బమ్ చేతికి వచ్చిన రోజునే మిగిలిన డబ్బు చెల్లించడం మన ధర్మం. విందుకు, బట్టలకు రొక్కం లెక్కపెట్టి ఇచ్చి, ఫోటోగ్రాఫర్ బాకీని నెలల తరబడి తిప్పడం న్యాయం కాదు. పనివాని కూలి ఆపకూడదని మనం చిన్నప్పటి నుండి నేర్చుకున్నాం. కెమెరా పట్టినవాడూ పనివాడే.

కుటుంబంలో ఆలోచించుకోవడానికి

1. మన వృత్తిలో పెద్ద పరికరం కొన్నప్పుడు దాని ధర మాత్రమే చూశామా, దాని వెంట వచ్చిన ఖర్చులన్నీ రాసుకున్నామా?

2. ఇంట్లో ఉన్న అప్పులకు నెలకు కట్టేదానిలో అసలు ఎంత, వడ్డీ ఎంత? ఈ రాత్రి భోజనం తరువాత కాగితం మీద రాయండి.

3. పని లేని నెలల కోసం ఎంత దాచాం?

4. గత రెండేళ్ళలో మనం జరిపిన శుభకార్యాల్లో ఎవరి డబ్బు ఇంకా బాకీ ఉంది? ఉంటే ఈ వారంలోనే చెల్లించండి.